మీకు ఏ రోజు తెలిసిందో చెప్పండి

కంపెనీలు నడిపే పెద్దలకి, బోర్డుల్లో ఉన్న డైరెక్టర్లకి, పీఆర్ టీమ్‌లకి, లీగల్ డిపార్ట్‌మెంట్ల వాళ్లకి,

నమస్కారం.

మీలో చాలామంది కష్టపడి పైకొచ్చినవాళ్లే, వేలమందికి పని ఇస్తున్నవాళ్లే, అది కాదనను. వేరే దారి లేకే ఈ లేఖ రాస్తున్నాను. ఒక కంపెనీకి 11 మెయిల్స్ పెట్టాను, ఫోన్లు ఎన్నిసార్లు చేశానో లెక్కే లేదు, ప్రతిసారీ అదే జవాబు, టికెట్ నంబర్ ఒక్కటే మారుతుంది. అందుకే ఇక మీ అందరికీ కలిపి రాస్తున్నా. ఆ కంపెనీ పేరు పెట్టట్లేదు, పెడితే గొడవంతా వాళ్లొక్కళ్ల మీదకే పోతుంది, మిగతావాళ్లు హమ్మయ్య మనం కాదులే అని పక్కకి తప్పుకుంటారు.

జరిగింది ఇది. మా అక్కకి ఆ కంపెనీలో చాలా ఏళ్లుగా ఎకౌంట్ ఉంది. ఒకరోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది, అవతలి మనిషి ఆ కంపెనీ నుంచే మాట్లాడుతున్నానన్నాడు, అక్క పూర్తి పేరు చెప్పాడు, పుట్టినతేదీ చెప్పాడు, ఆఖరికి అంతకుముందు నెల ఆవిడ దేని గురించి కంప్లైంట్ పెట్టిందో అది కూడా చెప్పాడు. ఇవన్నీ కంపెనీకి తప్ప ఇంకెవరికి తెలుస్తాయి అనుకుంది అక్క, ఆ స్థానంలో నేనున్నా అదే అనుకుంటాను. పావుగంటలో ఆవిడ ఏళ్ల తరబడి దాచుకున్న డబ్బులో పెద్ద భాగం పోయింది. ఆ తర్వాత 19 రోజులకి, శుక్రవారం రాత్రి బాగా పొద్దుపోయాక, కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. కొద్దిమంది కస్టమర్ల పరిమిత సమాచారం బయటి వ్యక్తులకి చేరినట్టు మా దృష్టికి వచ్చింది, మీ భద్రతే మాకు ముఖ్యం అని.

మీ దృష్టికి ఏ రోజు వచ్చింది? నా 11 మెయిల్స్‌లోనూ అడిగింది ఈ ఒక్క ప్రశ్నే. డబ్బు తిరిగి ఇమ్మని కూడా అడగలేదు. ఆ తేదీ అక్కకి ఫోన్ రావడానికి ముందుదైతే, మీరు ఆ రోజే ఒక్క ముక్క చెప్పి ఉంటే, ఆ ఫోన్ వచ్చినప్పుడు అక్క వెంటనే పెట్టేసేది. ఇప్పుడు ఆవిడ తప్పంతా తనదే అనుకుంటోంది, బావగారు ఒక్క మాట అనకపోయినా తనే అనుకుంటోంది, తెలియని నంబర్ నుంచి ఫోన్ మోగితే గదిలోంచి లేచి వెళ్లిపోతోంది. జవాబు మాత్రం రాలేదు.

ఆ జవాబు కోసం ఎదురుచూస్తూ పెద్ద పెద్ద కంపెనీల్లో ఇలాంటివి జరిగినప్పుడు ఎవరేం చేశారో చదువుతూ కూర్చున్నాను, చదివేకొద్దీ అన్నిచోట్లా ఒకటే కనపడింది, లోపల తెలిసిన రోజుకీ బయట చెప్పిన రోజుకీ మధ్య ఉన్న ఖాళీ. మనుషులు నష్టపోయేది ఆ ఖాళీలోనే. మీ మీటింగుల్లో ఈ విషయం ఎంతవరకు వస్తుందో నాకు తెలీదు కాబట్టి మా వైపు ఏం జరుగుతుందో వరసగా రాస్తున్నాను.

1. మీరు మాట్లాడని రోజుల్లో కూడా మేం నిర్ణయాలు తీసుకుంటూనే ఉంటాం. పూర్తి సమాచారం వచ్చాక చెబుదాం అని మీరు ఆగుతారు, మా జీవితం ఆగదు కదా, ఆ బండి ఎక్కుతాం, ఆ మందు వేసుకుంటాం, ఆ ఫోన్ ఎత్తుతాం. అమెరికాలో ఈక్విఫాక్స్ అని జనాల అప్పుల చరిత్ర దాచే కంపెనీ ఉంది, వాళ్ల సిస్టమ్స్‌లోకి ఎవరో చొరబడ్డారని 2017 జూలై 29న తెలిసింది, జనానికి చెప్పింది సెప్టెంబర్ 7న. 40 రోజులు. దాదాపు 14 కోట్ల 70 లక్షల మంది వివరాలవి. ఈ 40 రోజుల్లోనే ఆ కంపెనీలో ఒక ఎగ్జిక్యూటివ్ విషయం పసిగట్టి తన షేర్లు అమ్మేసుకున్నాడు, తర్వాత కోర్టు జైలుశిక్ష వేసింది అది వేరే సంగతి, కానీ ఆలోచించండి, అదే సమాచారంతో లోపలి మనిషి తన డబ్బు కాపాడుకున్నాడు, బయట ఉన్న కోట్లమందికి ఆ అవకాశం ఇవ్వలేదు. చొరబడ్డవాళ్లు వాడుకున్న సాఫ్ట్‌వేర్ లోపాన్ని సరిచేసే ప్యాచ్ మార్చిలోనే వచ్చింది, కంపెనీ వేసుకోలేదు.

డబ్బు సంగతి అలా ఉంచితే ప్రాణాల సంగతి ఇంకా ఘోరం. బోయింగ్ 737 మ్యాక్స్ లో విమానం ముక్కుని దానంతట అదే కిందకి దించే ఎంకాస్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, అలాంటిది ఒకటి ఉందని పైలట్ల మాన్యువల్‌లో రాయలేదు. విమానం ముక్కు ఎంత పైకి లేచిందో ఆ సాఫ్ట్‌వేర్‌కి చెప్పే సెన్సార్లు రెండూ వేరువేరు రీడింగ్ చూపిస్తే హెచ్చరించాల్సిన అలర్ట్ చాలా విమానాల్లో పనిచేయట్లేదని బోయింగ్ ఇంజనీర్లకి 2017లోనే తెలుసు, ఎయిర్‌లైన్స్‌కి చెప్పలేదు. 2018 అక్టోబర్ 29న ఇండోనేషియాలో లయన్ ఎయిర్ వాళ్ల మ్యాక్స్ విమానం సముద్రంలో పడి 189 మంది పోయారు. అప్పుడైనా ఆపలేదు, పైలట్లకి సూచనలు పంపించి విమానం సేఫ్ అంటూ వచ్చారు. 132 రోజుల తర్వాత, 2019 మార్చి 10న, ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ వాళ్ల మ్యాక్స్ విమానం కూలి ఇంకో 157 మంది పోయారు. ఆ 157 మందిలో ఒక్కరికైనా ఈ సాఫ్ట్‌వేర్ గొడవ గురించి టికెట్ కొనేటప్పుడు ఎవరైనా చెప్పారా? మొదటి ప్రమాదాన్ని అనుకోకుండా జరిగింది అంటే అనుకుంటాం, రెండోదాన్ని ఏమనాలి.

భోపాల్ సంగతి రాయకుండా ఉండలేను. 1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి దాదాపు 40 టన్నుల విషవాయువు వెలువడింది. చుట్టూ బస్తీల్లో పడుకున్నవాళ్లకి అక్కడ ఏముందో, లీకైతే ఏం చెయ్యాలో ముందెప్పుడూ చెప్పలేదు, కళ్లు మండుతూ పిల్లల్ని ఎత్తుకుని ఎటు పరిగెత్తాలో తెలీక గ్యాస్ ఉన్నవైపే పరిగెత్తినవాళ్లున్నారు. ఆస్పత్రికి చేరినవాళ్లకి ఏ వైద్యం చెయ్యాలో డాక్టర్లకే తెలీలేదు, వాళ్లకి సరిగ్గా చెప్పినవాళ్లు లేరు. ఆ రాత్రి కంపెనీ దగ్గరున్న సమాచారం విలువ ఎంతో లెక్క కట్టగలరా ఎవరైనా?

2. మీ స్టేట్‌మెంట్లలో మాటలు మాకు అర్థం కాకుండా రాస్తారు. ఇది పొరపాటున జరిగేది కాదు, నేర్పించి మరీ రాయిస్తారు. జనరల్ మోటార్స్ లో 2008లో ఉద్యోగులకి ఒక ట్రైనింగ్ ఇచ్చారు, అందులో రిపోర్టుల్లో వాడకూడని 69 మాటల లిస్టు ఉంది. డిఫెక్ట్ అనకూడదంట, డిజైన్ ప్రకారం పనిచేయట్లేదు అనాలంట. ప్రాబ్లం అనకూడదు, ఇష్యూ అనాలి. అదే కంపెనీ కార్లలో తాళం చెవి తిప్పే స్విచ్ దానంతట అదే జారిపోయి, నడుస్తున్న కారు ఇంజన్ ఆగిపోయి, ఎయిర్‌బ్యాగులు తెరుచుకోక మనుషులు చనిపోతూ వచ్చారు. ఆ కార్లు వెనక్కి పిలవడానికి దశాబ్దం ముందు నుంచీ ఇంజనీర్లకి తెలుసు. 2006లో ఆ స్విచ్ డిజైన్ సైలెంట్‌గా మార్చేసి పార్ట్ నంబర్ మాత్రం పాతదే ఉంచారు, దాంతో తర్వాత వెతికినవాళ్లకి తేడా ఎక్కడుందో దొరకలేదు. రికాల్ చేసింది 2014లో. నష్టపరిహారం ఫండ్ ఒప్పుకున్న మరణాలే 124. ఆ ఇంజనీర్లందరూ చెడ్డవాళ్లని నేననుకోను, కానీ డిఫెక్ట్ అనే మాట రాయడానికే భయపడే చోట డిఫెక్ట్ గురించి మాట్లాడేది ఎవరు?

యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 2017 ఏప్రిల్‌లో టికెట్ కొనుక్కుని సీట్లో కూర్చున్న ప్రయాణికుడిని, సీటు ఖాళీ చెయ్యనన్నందుకు, రక్తం కారుతుండగా విమానంలోంచి ఈడ్పించింది, ప్రపంచం మొత్తం ఆ వీడియో చూసింది. మర్నాడు ఆ కంపెనీ సీఈఓ ప్రయాణికులకి వేరే ఏర్పాటు చేయాల్సి వచ్చినందుకు సారీ అన్నాడు, ఉద్యోగులకి పంపిన లెటర్లో ఆ ప్రయాణికుడిదే గొడవ అన్నట్టు రాశాడు. అసలు క్షమాపణ ఆ తర్వాతి రోజు వచ్చింది, అప్పటికి ఎవరు నమ్ముతారు.

మా అక్కకి వచ్చిన మెయిల్లో కూడా లీక్ అన్న మాట ఎక్కడా లేదు.

3. మొదట చిన్న అంకె చెప్తారు. ఇది మీకు చిన్న విషయం అనిపించొచ్చు గానీ మాకు చాలా పెద్దది, కొద్దిమంది అంటే నేను అందులో లేనులే అనుకుని పాస్‌వర్డ్ మార్చుకోం, సముద్రంలోకి కారే ఆయిల్ రోజుకి వెయ్యి బ్యారెళ్లే అంటే ఆ సముద్రం మీద బతికే చేపలు పట్టేవాళ్లు రెండు వారాల్లో సర్దుకుంటుందిలే అనుకుంటారు. 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో బీపీ ఆయిల్ కంపెనీ కోసం బావి తవ్వుతున్న డీప్‌వాటర్ హొరైజన్ అనే రిగ్ పేలింది, 11 మంది కార్మికులు చనిపోయారు. లీకవుతున్న ఆయిల్ ముందు రోజుకి 1,000 బ్యారెళ్లన్నారు, తర్వాత 5,000 అన్నారు, ఆఖరికి ప్రభుత్వ శాస్త్రవేత్తలు లెక్క తేలిస్తే మొదట్లో రోజుకి 62,000 దాకా వచ్చింది. 87 రోజులు కారింది అలా. ఎంత కారుతోందో అమెరికా కాంగ్రెస్‌కి తప్పుగా చెప్పామని బీపీ 2012లో నేరం ఒప్పుకుంది. అన్నట్టు ఆ రోజుల్లోనే ఆ కంపెనీ సీఈఓ నా జీవితం నాకు తిరిగి కావాలి అన్నాడు కెమెరా ముందు, ఆ 11 కుటుంబాలు టీవీలో అది విన్నాయి.

4. సారీ చెబితే కోర్టులో తప్పు ఒప్పుకున్నట్టు అవుతుందని లాయర్లు ఆపుతారని విన్నాను. లాయర్ల పని లాయర్లు చేస్తారు, వాళ్లని తప్పు పట్టను, కానీ ఈ భయం నిజమేనా అని ఎవరైనా లెక్క చూశారా అంటే చూశారు. మిషిగన్ యూనివర్సిటీ ఆస్పత్రులు 2001 నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాయి, వైద్యంలో తప్పు జరిగితే వాళ్లే ముందుగా పేషెంట్‌కి చెప్పడం, విచారించడం, తమ తప్పైతే పరిహారం తామే ఇవ్వడం. లక్ష పేషెంట్ విజిట్లకి నెలకి సగటున 2.13 కోర్టు కేసులు ఉండేవి 0.75కి తగ్గాయి అని 2010లో వచ్చిన స్టడీ చెప్పింది. మనుషులు కోర్టుకెళ్లేది ఎక్కువసార్లు డబ్బు కోసం కాదండీ, ఏం జరిగిందో ఎవరూ చెప్పక. నేనూ ఇప్పుడు అదే ఆలోచనలో ఉన్నాను, తేదీ చెప్పి ఉంటే ఆ ఆలోచనే వచ్చేది కాదు.

కెనడాలో 2008లో మేపుల్ లీఫ్ ఫుడ్స్ మాంసంలో లిస్టీరియా అనే బ్యాక్టీరియా చేరి 20 మందికి పైగా చనిపోయారు. ఆ కంపెనీ సీఈఓ మైకేల్ మెక్‌కెయిన్ నేరుగా ముందుకొచ్చి తప్పు మాదే అన్నాడు, ఈ సమయంలో ఇద్దరి సలహాలు పట్టించుకోలేదు, ఒకరు లాయర్లు ఇంకొకరు అకౌంటెంట్లు అని చెప్పాడు. పోయినవాళ్లు తిరిగిరారు నిజమే, కానీ కంపెనీ మూతపడలేదు కదా.

5. కేసు సాగదీస్తారు. ఎక్సాన్ కంపెనీ ఆయిల్ ఓడ ఎక్సాన్ వాల్డెజ్ 1989 మార్చి 24న అలాస్కా తీరంలో రాళ్లకి తగిలి చీలింది, ఆయిలంతా సముద్రంలోకి కారింది, చేపల మీద బతికే వేల కుటుంబాలు దెబ్బతిన్నాయి, 1994లో జ్యూరీ 500 కోట్ల డాలర్లు కట్టమంది, అప్పీళ్ల మీద అప్పీళ్లు నడిచి 2008లో సుప్రీం కోర్టు దాన్ని 50 కోట్ల 75 లక్షలకి కుదించింది. 19 ఏళ్లు. ఈలోపు కేసు వేసినవాళ్లలో ఎంతోమంది చనిపోయారు. భోపాల్ పరిహారం 1989లో 47 కోట్ల డాలర్లకి తేల్చేశారు, ఆ ఫ్యాక్టరీ ఆవరణలో మిగిలిన 337 టన్నుల విష వ్యర్థాలు అక్కడినుంచి కదిలింది 2025 జనవరిలో, 40 ఏళ్లకి. కంపెనీకి టైం ఉంటుంది, మనిషికి ఉండదు.

6. ఫోన్ ఎత్తే మీ కాల్ సెంటర్ పిల్లల్ని బలిచేస్తారు. నేను 11 మెయిల్స్ మధ్యలో చేసిన ఫోన్లలో ఒకసారి ఒక అమ్మాయి మాట్లాడింది, సర్ నిజం చెప్పాలంటే మీకు వచ్చిన మెయిలే మాకూ వచ్చింది, అంతకుమించి మాకేం చెప్పలేదు అంది, గొంతు వణుకుతోంది, అప్పటికే ఆ రోజు ఎంతమంది తిట్టి ఉంటారో. ఆ అమ్మాయి మీద అరిచినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. జవాబు చెప్పాల్సినవాళ్లు పైన ఉంటే తిట్లు కిందవాళ్లు తింటున్నారు.

ఇదంతా చెబితే మీలో కొందరు బయట ఉండి మాట్లాడటం తేలిక, లోపల ఉంటే తెలుస్తుంది అంటారు. ఒప్పుకుంటాను. తొందరపడితే కూడా తప్పు జరుగుతుంది, శాంసంగ్ 2016లో నోట్ 7 ఫోన్లు కాలిపోతున్నాయని వెంటనే 25 లక్షల ఫోన్లు వెనక్కి పిలిచింది, మంచిదే, కానీ అసలు కారణం పూర్తిగా తేలకుండానే వేరే బ్యాటరీతో కొత్త ఫోన్లు ఇచ్చేసింది, అవీ కాలాయి, అక్టోబర్‌లో ఆ మోడలే ఆపేసింది. నాకు అర్థమైంది ఏంటంటే, వాడకండి అని చెప్పడం ఎంత తొందరగా అయితే అంత మంచిది, ఇక భయం లేదు వాడండి అని చెప్పడానికి మాత్రం తొందర పనికిరాదు. చాలా కంపెనీలు దీన్ని సరిగ్గా తిరగేసి చేస్తున్నాయి.

ఇక అందరూ పాఠంగా చెప్పుకునే టైలెనాల్, జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్ల నొప్పుల మందు. 1982లో చికాగో చుట్టుపక్కల ఎవరో క్యాప్సూల్స్‌లో సైనైడ్ కలిపితే 7గురు చనిపోయారు. జాన్సన్ అండ్ జాన్సన్ రోజుల్లోనే జనాన్ని వాడొద్దని చెప్పి, దేశమంతటా 3 కోట్ల 10 లక్షల సీసాలు వెనక్కి తెప్పించి, సీలు పగిలితే తెలిసే ప్యాకింగ్‌తో మళ్లీ వచ్చింది, పోయిన మార్కెట్ చాలావరకు ఏడాదిలో తిరిగొచ్చింది. గొప్ప పనే, కానీ ఒకటి గమనించాలి, అక్కడ తప్పు చేసింది బయటివాడు, కంపెనీ కూడా బాధితురాలే. తప్పు లోపలిది అయినప్పుడే అసలు పరీక్ష. అదే కంపెనీ మీద వాళ్ల టాల్కం పౌడర్ వల్ల క్యాన్సర్ వచ్చిందని వేల కేసులు పడ్డాయి, కంపెనీ ఆ ఆరోపణలు ఒప్పుకోలేదు, ఏళ్ల తరబడి పోరాడుతోంది, పౌడర్‌లో టాల్క్ వాడటం మాత్రం 2020లో అమెరికా, కెనడాల్లో, 2023లో ప్రపంచమంతటా ఆపింది. కాబట్టి ఫలానా కంపెనీ మంచిది ఫలానాది చెడ్డది అని నేను చెప్పట్లేదు, మంచి సీఈఓ దొరికితే మంచి జరుగుతుందిలే అని మేం ఆశపడి కూర్చోలేం, రూల్ కావాలి.

మా డిమాండ్లు ఇవి.

1. ప్రతి ప్రకటనలో మొదటి లైన్లోనే తేదీ ఉండాలి. ఫలానా రోజు మాకు మొదట అనుమానం వచ్చింది, ఫలానా రోజు ఖాయమైంది, ఈరోజు మీకు చెప్తున్నాం. మూడు తేదీలు. మిగతా డిమాండ్లు అన్నీ పక్కన పెట్టినా ఇది ఒక్కటి చేస్తే చాలు సగం మారుతుంది, ఎందుకంటే తేదీలు రాయాల్సి వస్తుందని ముందే తెలిస్తే మధ్యలో ఖాళీ ఎవరూ పెంచరు.

2. డేటా విషయంలో యూరప్ చట్టం 72 గంటల్లో రెగ్యులేటర్‌కి చెప్పాలంటోంది, ప్రమాదం ఎక్కువుంటే ఆ మనుషులకీ ఆలస్యం లేకుండా చెప్పాలంటోంది. అమెరికాలో వస్తువుల్లో ప్రమాదకరమైన లోపం కనపడితే 24 గంటల్లో ప్రభుత్వ సంస్థకి చెప్పాలి. ప్రభుత్వానికి చెప్పిన గంటే మాకూ చెప్పండి. పూర్తిగా తెలియకపోతే తెలిసింది ఇది, తెలియనిది ఇది అని రాయండి, మేం అర్థం చేసుకుంటాం, మేం చిన్నపిల్లలం కాదు.

3. ఎంతమంది అనేది తెలియకపోతే ఇంకా తెలియదు అని రాయండి. కొద్దిమంది అని రాయొద్దు.

4. సాయం చేస్తామంటూ మా హక్కులు రాయించుకోవద్దు. ఈక్విఫాక్స్ లీక్ తర్వాత మన వివరాలు ఎవరైనా దుర్వినియోగం చేస్తే హెచ్చరించే నిఘా సర్వీసు ఉచితంగా ఇస్తామంది, దాని షరతుల్లో కోర్టుకి వెళ్లకూడదన్న క్లాజు ఉంది, జనం గోల చేశాక తీసేశారు. గోల చెయ్యకపోతే ఉండిపోయేదే కదా.

5. కాల్ సెంటర్ వాళ్లకి మాకంటే కనీసం ఒక గంట ముందు మొత్తం విషయం చెప్పండి, వాళ్ల దగ్గర జవాబు లేకపోతే ఫోన్ పైవాళ్లకి వెళ్లేలా ఏర్పాటు చెయ్యండి. శుక్రవారం రాత్రి మెయిల్ పెట్టి సోమవారం దాకా ఫోన్లు ఎత్తకపోవడం ఆపండి.

6. బయటి వాళ్లతో విచారణ చేయించి రిపోర్టు మొత్తం బయటపెట్టండి, ఎవరికి ఎప్పుడు తెలిసింది అన్న భాగంతో సహా. జనరల్ మోటార్స్ ఎంత తప్పు చేసినా 2014లో బయటి లాయర్‌తో చేయించిన విచారణ రిపోర్టు జనం ముందు పెట్టింది, ఇవాళ నేను పైన రాసిన విషయాల్లో కొన్ని తెలిసింది దానివల్లే. చేయొచ్చు అనడానికి అదే సాక్ష్యం.

7. లోపల ముందుగా చెప్పిన ఉద్యోగిని కాపాడండి.

ఈ లేఖ చదివేవాళ్లలో మామూలు జనం కూడా ఉంటారు, మీ దగ్గర ఇలాంటి మెయిల్ ఏదైనా ఉంటే డిలీట్ చెయ్యకండి, జవాబు రాయండి, ఏ రోజు తెలిసింది అని అడగండి, ఒకళ్లం అడిగితే టికెట్ క్లోజ్ చేస్తారు, వేలమంది అడిగితే క్లోజ్ చెయ్యలేరు.

ఇక ఆ కంపెనీ వాళ్లకి. ఈ ఉత్తరం కాపీ మీకూ పంపుతున్నాను, ఇది పన్నెండో మెయిల్. నా పాత టికెట్లన్నీ సమస్య పరిష్కారమైంది అని రాసి మూసేశారు. మీరు పంపాల్సింది పెద్ద ఉత్తరం కాదు, రోజు, నెల, సంవత్సరం, అంతే. అది అక్కకి చూపించాలి.

ఇట్లు,
మీ కస్టమర్ తమ్ముడు